ఆర్‌ఎంపీ వేస్తే అంచు నిజంగా చిందరవందర అవుతుందా? నా ప్లాట్‌కీ కొలతలకీ పొంతన కుదరడం లేదు

కొత్తరేఖ · సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను, టోకమాక్ (ప్లాస్మాని అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే ఫ్యూజన్ యంత్రం) అంచు ప్లాస్మా మీద పని. ఆర్‌ఎంపీ అంటే అంచుని కదిలించడానికి కాయిళ్ళతో వేసే చిన్న అదనపు అయస్కాంత క్షేత్రం. మూడు వారాలుగా ఒకే చోట ఇరుక్కుపోయాను, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

డీ3-డీ (అమెరికా టోకమాక్) తరహా యంత్రానికి ఎన్=3 కాయిళ్ళు పెట్టాను, అంటే వాటి క్షేత్రం యంత్రం చుట్టూ మూడుసార్లు పునరావృతం అవుతుంది. వాటి క్షేత్రాన్ని మామూలు సమతుల్య క్షేత్రానికి కలిపి, బలరేఖల వెంట నడిచి పాయింకరే ప్లాట్ (రేఖ ఒక అడ్డుకోతని దాటిన ప్రతిసారీ ఒక చుక్క) గీశాను. క్యూ-95 విలువ 3.6 (క్యూ అంటే బలరేఖ పొట్టి చుట్టు ఒకటి పూర్తి చేసేలోపు యంత్రం చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పే అంకె; క్యూ-95 అంచు దగ్గర, 95 శాతం ఫ్లక్స్ ఉపరితలం మీద దాని విలువ). అంచుకి వచ్చేసరికి అయస్కాంత ద్వీపాలన్నీ (బలరేఖలు తమ ఉపరితలం వదిలి విడిగా చుట్టుకునే చోట్లు) ఒకదానిమీద ఒకటి ఎక్కేశాయి. బయటి ఏడెనిమిది శాతం ఫ్లక్స్ అంతా చుక్కలే. ఏ రేఖా తన ఉపరితలం మీద నిలవడం లేదు. ద్వీపాలు ఎంత ఒరుసుకుంటున్నాయో చెప్పే చిరికోవ్ పరామితి 1 దాటేసింది.

ఇదే నిజమైతే ఎలక్ట్రాన్లు ఆ రేఖల వెంట పరుగెత్తి వేడినంతా బయటికి మోసుకుపోవాలి. చిందరవందర రేఖల వెంట వేడి ఎంత పోతుందో చెప్పే 1978 నాటి రెచెస్టర్-రోసెన్‌బ్లూత్ సూత్రంలో నా అంకెలు వేస్తే అంచులో ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత కూలిపోవాలి. కానీ ప్రచురించిన థామ్సన్ స్కాటరింగ్ (లేజర్‌తో ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత, సాంద్రత కొలిచే పద్ధతి) కొలతల్లో పెడెస్టల్, అంటే అంచులో నిటారుగా లేచే భాగం (మా గ్రూపులో అరుగు అంటాం), నిలబడే ఉంది. ఉష్ణోగ్రత వాలు అలాగే నిటారుగా ఉంది. తగ్గింది సాంద్రత! నేను ఊహించినదానికి ఇది తలకిందులు. తప్పు నా కోడ్‌లో ఉందా, నా అవగాహనలో ఉందా?

అంచుమనిషి · సోమవారం, రాత్రి 9:52

మీ కోడ్ బాగానే ఉండి ఉంటుంది. మీరు గీసింది ప్లాస్మా లేని ఖాళీ గదిలో కాయిళ్ళు వేసే బొమ్మ. అందులో ప్లాస్మా జవాబు లేదు.

ప్లాస్మా మంచి వాహకం. అరుగు మీద ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత సుమారు కోటి డిగ్రీలు, అక్కడ నిరోధం దాదాపు ఉండదు. కాయిళ్ళు నిశ్చలంగా ఉన్నా, ఎలక్ట్రాన్ ద్రవం వాటి ముందు నుంచి జారుకుంటూ పోతోంది. అంటే ఎలక్ట్రాన్ల వైపు నుంచి చూస్తే ఆ క్షేత్రం ఊగుతున్నట్టే లెక్క. ఇండక్షన్ మోటారు గుర్తు తెచ్చుకోండి. స్టేటర్ క్షేత్రానికీ రోటర్‌కీ వేగంలో తేడా ఉన్నంతసేపూ రోటర్ కడ్డీల్లో కరెంట్ పుడుతూనే ఉంటుంది. ఇక్కడ కూడా ప్రతి అనునాద ఉపరితలం (క్యూ విలువ కాయిల్ క్షేత్రం నమూనాకి సరిగ్గా సరిపోయే ఉపరితలం) మీద సన్నటి కరెంట్ పొర పుట్టి, మీరు పంపిన అనునాద భాగాన్ని కొట్టేస్తుంది. ద్వీపం తెరుచుకోవడానికి ముందే మూసుకుపోతుంది.

మేం దీన్ని తెర కట్టడం అంటాం. మీ ప్లాట్‌లో ఆ తెర లేదు.

శ్రోత · సోమవారం, రాత్రి 10:20

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను ఫిజిక్స్ డిగ్రీ దగ్గర ఆగినవాణ్ణి, కానీ ఫ్యూజన్ మీద చాలా ఇష్టం. ఎంతో కష్టపడి అయస్కాంతాలతో కట్టిన గోడని మళ్ళీ అయస్కాంతాలతోనే ఎందుకు కదిలిస్తున్నారు? ఆర్‌ఎంపీ అసలు ఉద్దేశం ఏమిటో ఎవరైనా చెబితే చర్చ అందుకుంటాను.

వేడిగోడ · సోమవారం, రాత్రి 11:05

శ్రోత గారూ, ఇది అడగాల్సిన ప్రశ్నే. నేను డైవర్టర్ (ప్లాస్మా నుంచి బయటికి వచ్చే వేడిని మోసే గోడ భాగం) వైపు పనిచేస్తాను కాబట్టి నా వైపు నుంచి చెబుతాను.

1982లో గార్షింగ్‌లోని ఆస్‌డెక్స్ యంత్రంలో ఫ్రిట్జ్ వాగ్నర్ బృందం హెచ్-మోడ్‌ని కనుక్కుంది. వేడి ఒక హద్దు దాటి పెంచితే, అంచులో సన్నటి అడ్డుకట్ట దానంతట అదే ఏర్పడుతుంది. అలజడి అణిగిపోయి, కొన్ని సెంటీమీటర్ల మందంలోనే పీడనం నిటారుగా లేస్తుంది. మధ్యలోని ప్లాస్మా అంతా ఆ అరుగు ఎక్కి కూర్చుంటుంది. అరుగు ఎంత ఎత్తుంటే లోపల అంత ఫ్యూజన్.

చిక్కంతా ఆ నిటారు వాలుతోనే. పీడన ప్రవణత, అంచు కరెంట్ రెండూ కలిసి ఒక హద్దు దాటగానే అంచు పగులుతుంది. దాన్నే ఎల్మ్ అంటాం. మిల్లీసెకనులో చిన్న భాగంలో అరుగులోని శక్తిలో గణనీయమైన ముక్క బయటికి వచ్చి డైవర్టర్ మీద పడుతుంది. మళ్ళీ అరుగు కట్టుకుంటుంది, మళ్ళీ పగులుతుంది.

ఇప్పటి యంత్రాలు దీన్ని తట్టుకుంటాయి. ఫ్రాన్స్‌లో కడుతున్న పెద్ద టోకమాక్ ఐటర్ స్థాయిలో అదుపు లేని పెద్ద ఎల్మ్ ఒక్కోటి సుమారు 20 మెగాజౌళ్ళ దాకా వదలొచ్చని అంచనా వేశారు. దాదాపు 5 కిలోల టీఎన్‌టీలో ఉండే శక్తి అది. గోడ బతకాలంటే అది 1 మెగాజౌల్ దరిదాపులకి దిగాలి. టంగ్‌స్టన్ దిమ్మె మామూలుగా చదరపు మీటరుకి 10 మెగావాట్ల వేడిని నిలకడగా మోయగలదు. అదే దిమ్మె మీద అంత శక్తి ఒక్క క్షణంలో పడితే పైపొర కరుగుతుంది. కరగని చోట కూడా మళ్ళీ మళ్ళీ దెబ్బలు తిని అంచుల్లో వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. అలాంటి దిమ్మెని మైక్రోస్కోప్ కింద చూశాను. ఎండిన చెరువు నేలలా ఉంటుంది. అది చూసినప్పటి నుంచి నాకు ఎల్మ్‌లంటే ఒక అంకె కాదు.

మరి ఎల్మ్‌లు అసలే లేకుండా హెచ్-మోడ్ నడిపితే సరిపోదా అంటే, అప్పుడు మలినాలు బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుంటాయి. టంగ్‌స్టన్ మధ్యకి చేరితే వెలుగు రూపంలో వేడినంతా తాగేస్తుంది. కాబట్టి మనకి కావలసింది ఒకేసారి పగలని, కానీ నిలకడగా కొద్దికొద్దిగా కారే అంచు. అందుకే ఆర్‌ఎంపీ. ప్రధాన క్షేత్రంలో పది వేలలో ఒక వంతు నుంచి వెయ్యిలో ఒక వంతు వరకు ఉండే చిన్న అలజడి అది.

శ్రోత · సోమవారం, రాత్రి 11:31

చాలా థాంక్స్ అండీ. ఆ చెరువు నేల పోలిక మనసులో ఉండిపోయింది. ఇంత చిన్న అలజడి అంత పెద్ద పగులుని ఆపుతుందా?

చుట్టుతీగ · మంగళవారం, ఉదయం 6:40

ఆపుతుంది. కళ్ళతో చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

కంట్రోల్ రూములో డీ-ఆల్ఫా సిగ్నల్ అని ఒకటి ఎప్పుడూ తెర మీద ఉంటుంది. అంచులో డ్యూటీరియం వెదజల్లే ఎర్ర కాంతి కొలత అది. ఎల్మ్ వచ్చినప్పుడల్లా ఒక ముల్లు లేస్తుంది. మామూలు షాట్‌లో అవి వరసగా దువ్వెన పళ్ళలా ఉంటాయి. కాయిల్ కరెంట్ పెంచుతున్నప్పుడు మొదట ముళ్ళు దగ్గర దగ్గరగా, పొట్టిగా అవుతాయి. తర్వాత ఒకటి అరా తప్పిపోతుంది. ఆ తర్వాత సన్నటి గరుకు గీత ఒక్కటే మిగులుతుంది, దువ్వెన విరిగిపోయినట్టు. మొదటిసారి అది చూసినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు, షాట్ అయిపోయేదాకా.

మొదట దీన్ని స్పష్టంగా చూపించింది శాన్ డియాగోలోని డీ3-డీ. టాడ్ ఎవాన్స్ బృందం 2004లో ప్రచురించింది. ప్లాస్మా గది లోపలి గోడకి, మధ్యరేఖకి పైన 6, కింద 6, మొత్తం 12 కాయిళ్ళు. అంతకు ముందే టోరే సుప్రా, టెక్స్‌టర్ యంత్రాల్లో అంచుని అయస్కాంతంగా కలిపే ప్రయోగాలు జరిగాయి. కానీ హెచ్-మోడ్‌లో పెద్ద ఎల్మ్‌లని పూర్తిగా ఆపి, అరుగు నిలబెట్టడం అప్పుడే.

సమీకరణం · మంగళవారం, ఉదయం 8:15

కొత్తరేఖ గారూ, మీ ప్రశ్నకి వస్తాను. అంచుమనిషి గారు చెప్పిన తెర సరైనదే, కానీ అది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అసలు కీలకం అక్కడే ఉంది.

అంచుని మూడు చోట్లుగా చూడండి. అరుగు పైభాగం, నిటారు వాలు, అరుగు పాదం.

వాలులో పీడన ప్రవణత ఎక్కువ కాబట్టి దానివల్ల పుట్టే ఎలక్ట్రాన్ డయామాగ్నెటిక్ ప్రవాహం చాలా ఎక్కువ. అక్కడ జారుడు వేగం పెద్దది, తెర గట్టిది. మీ ప్లాట్‌లో 11/3, 12/3 ద్వీపాలు (క్యూ విలువ అంత ఉన్న చోట పుట్టేవి) అక్కడే కదా పడుతున్నాయి? నిజమైన ప్లాస్మాలో అవి చాలావరకు మూసుకుపోయి ఉంటాయి. అందుకే వాలు నిలబడింది.

పాదం దగ్గర ప్లాస్మా చల్లగా ఉంటుంది, నిరోధం ఎక్కువ. తెర కట్టే కరెంట్ అక్కడ నిలవదు. క్షేత్రం లోపలికి దిగి ద్వీపం తెరుస్తుంది. సాంద్రత తగ్గడానికి ఒక బలమైన వివరణ ఇదే. పాదం దగ్గర సాంద్రత పడితే ఆ ప్రభావం మొత్తం ప్రొఫైల్‌ని కిందికి లాగుతుంది. అక్కడ ఉష్ణోగ్రత ముందే తక్కువ కాబట్టి ఆ లెక్కలో పోయేది పెద్దగా లేదు.

అరుగు పైభాగంలో ఒక విశేషం ఉంది. ఈ-క్రాస్-బీ భ్రమణం (విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు కలిసి పుట్టించేది), డయామాగ్నెటిక్ భ్రమణం ఎదురెదురై ఎలక్ట్రాన్ల లంబ వేగం సున్నా దాటే చోటు అక్కడెక్కడో ఉంటుంది. జారుడు సున్నా అయితే ఇండక్షన్ మోటారు రోటర్‌లో కరెంట్ ఉండదు. తెర తొలగిపోతుంది. ఆ సున్నా చోటికి ఒక అనునాద ఉపరితలం వచ్చి కూర్చుంటే, అక్కడ క్షేత్రం చొచ్చుకుపోయి ద్వీపం తెరుస్తుంది. ఆ ద్వీపం గోడలా నిలబడి, అరుగు లోపలికి వెడల్పు కాకుండా ఆపుతుంది. అరుగు వెడల్పు కాకపోతే పీడనం ఎల్మ్ హద్దు దాకా చేరదు. పగులు రాదు.

అంటే అంచు అంతా చిందరవందర కానక్కరలేదు. సరైన చోట ఒక్క సన్నటి ద్వీపం చాలు.

కొత్తరేఖ · మంగళవారం, ఉదయం 9:03

సమీకరణం గారూ, ఇది మూడు సార్లు చదివాను. క్యూ-95 కిటికీల సంగతి ఇప్పుడు అర్థమైంది! ఎల్మ్‌లు అణగడం క్యూ-95 ఇరుకు పరిధుల్లోనే ఎందుకు జరుగుతుందో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఉపరితలం ఆ సున్నా చోటు నుంచి జరిగిపోతే ఆట అయిపోతుందన్నమాట. ఎన్=3 అయితే క్యూ మూడో వంతు మారేసరికి తర్వాతి ఉపరితలం ఆ చోటికి వస్తుంది, మళ్ళీ కిటికీ తెరుచుకుంటుంది. అంతేనా?

సమీకరణం · మంగళవారం, ఉదయం 9:20

అంతే. సరిగ్గా పట్టుకున్నారు.

వేడిగోడ · మంగళవారం, మధ్యాహ్నం 1:12

ఒక విషయంలో నాకు అభ్యంతరం ఉంది. ఖాళీ గది బొమ్మని పూర్తిగా పక్కన పడేయకండి. బ్రిటన్‌లోని మాస్ట్ యంత్రంలో ఎక్స్-పాయింట్ (ప్లాస్మా సరిహద్దు తనని తాను ఎక్స్ ఆకారంలో దాటే చోటు) దగ్గర కెమెరాతో తీసిన చిత్రాలు చూడండి. ఆర్‌ఎంపీ లేనప్పుడు ప్లాస్మా సరిహద్దు నున్నటి గీత. వేశాక అదే చోట వేళ్ళలా పొడుచుకొచ్చిన మడతలు కనిపిస్తాయి. ఖాళీ గది లెక్క చెప్పిన చోటే కనిపిస్తాయి. డైవర్టర్ మీద కూడా ఒక్క వేడి గీత రెండు మూడుగా చీలుతుంది. అది నేను స్వయంగా ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో కొలిచాను.

నా గోడకి సంబంధించినంతవరకు ఆ చీలిక చిన్న సంగతి కాదు. టోకమాక్ చుట్టూ సమానంగా పడాల్సిన వేడి ఇప్పుడు కొన్ని కోణాల్లోనే ఎక్కువ పడుతుంది. అందుకే కాయిల్ కరెంట్లని నెమ్మదిగా తిప్పి, ఆ నమూనాని గోడ చుట్టూ నడిపించాలని మేం పట్టుబడతాం.

అంచుమనిషి · మంగళవారం, మధ్యాహ్నం 2:30

అభ్యంతరం న్యాయమైనదే, నేను తొందరపడి రాశాను. ఆ మడతలు సరిహద్దు ఉపరితలం చీలడం వల్ల వచ్చేవి. చల్లటి అంచు చివర, తెర బలహీనంగా ఉన్న చోట ఖాళీ గది లెక్క దగ్గరగానే వస్తుంది. వేడిగా ఉన్న లోపలి భాగానికి దాన్ని పట్టుకెళ్తేనే మోసపోతాం. ఒక మాట కలుపుతాను. ప్లాస్మా కొన్ని చోట్ల తెర కడితే, కొన్ని అలజడులని పెంచుతుంది కూడా. అంచులో కింక్ తరహా (ప్లాస్మా మెలికపడి వంగే) స్పందన పెరిగితే ఎక్స్-పాయింట్ దగ్గర కదలిక ఎక్కువవుతుంది. తెర ఒక్కటే లెక్కలో వేస్తే అది కూడా సగం బొమ్మే.

చుట్టుతీగ · మంగళవారం, రాత్రి 8:48

సిద్ధాంతం బాగా నడుస్తోంది. కాయిళ్ళ వైపు నుంచి ఒక హెచ్చరిక, ఎందుకంటే కొత్తరేఖ లాంటివాళ్ళు రేపు కంట్రోల్ రూములో కూర్చుంటారు.

నేను పనిచేసిన ఒక యంత్రంలో ఎన్=1 క్షేత్రంతో ప్రయత్నిస్తున్నాం. అణగడం దగ్గరపడుతోందని అనిపించి, తర్వాతి షాట్‌కి కరెంట్ మెట్టు కొంచెం పెద్దదిగా పెట్టమన్నాను. నిర్ణయం నాదే. షాట్ మొదలైంది, ముళ్ళు పొట్టివయ్యాయి, సంతోషపడుతున్నాం. అప్పుడు భ్రమణం గీత చూశాను. అది జారిపోతోంది. నెమ్మదిగా, తర్వాత ఒక్కసారిగా సున్నాకి. లోపల క్యూ=2 దగ్గర ద్వీపం తెరుచుకుని, తిరగడం మానేసి, గోడకి పట్టేసింది. రెండు వందల మిల్లీసెకన్లలోపే ప్లాస్మా మొత్తం పోయింది. గది లోపల ధన్ అని మోత, తర్వాత నిశ్శబ్దం. మిగతా రోజంతా గోడలు శుభ్రం చేసే డిశ్చార్జిలకే సరిపోయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

కారణం సూటిగా ఉంటుంది. అనునాదానికి క్యూ = ఎమ్/ఎన్ కావాలి (ఎమ్ అంటే పొట్టి చుట్టులో క్షేత్రం ఎన్నిసార్లు పునరావృతమవుతుందో). క్యూ=2 దగ్గర ఎన్=1కి ఎమ్=2 సరిపోతుంది, ఎన్=3కి ఎమ్=6 కావాలి. ఎమ్ పెద్దదయ్యేకొద్దీ కాయిల్ క్షేత్రం లోపలికి వెళ్తూ త్వరగా చచ్చిపోతుంది. కాబట్టి ఎన్=3 అంచు దగ్గరే ఆగుతుంది, ఎన్=1 గర్భం దాకా వెళ్తుంది. పైగా అనునాదం కాని భాగాలు కూడా భ్రమణానికి బ్రేకు వేస్తాయి.

శ్రోత · మంగళవారం, రాత్రి 9:10

మరి కొరియా టోకమాక్ కేస్టార్‌లో ఎన్=1తోనే ఎల్మ్‌లు ఆపారని చదివాను. వాళ్ళకి ఎలా కుదిరింది?

చుట్టుతీగ · మంగళవారం, రాత్రి 9:35

నిజమే, 2011లోనే చేశారు. వాళ్ళ గది లోపల పైన, మధ్యలో, కింద మూడు వరసల కాయిళ్ళు ఉన్నాయి. వరసల మధ్య దశ తేడా మారిస్తే క్షేత్రం ఆకారం మారుతుంది. గర్భంలోని క్యూ=2కి తక్కువగా, అంచుకి ఎక్కువగా తగిలే కలయికలని లెక్కగట్టి వెతికారు. 2018లో ప్రచురించిన ఆ పటం చూస్తే, భద్రమైన ప్రాంతం ఎంత ఇరుకో తెలుస్తుంది. ఐటర్‌కి కూడా మూడు వరసలే, వరసకి 9 చొప్పున 27 కాయిళ్ళు. న్యూట్రాన్లు తగిలే చోట, గది లోపల, నీటితో చల్లబరుస్తూ పెట్టాలి. అవి ఒకసారి బిగించాక మార్చడం మహా కష్టం, అందుకే ఈ చర్చ అంతా నాకు ప్రాణం మీదికి వచ్చే విషయం.

సమీకరణం · మంగళవారం, రాత్రి 10:22

ఇంకో రెండు సంగతులు రాసి పడుకుంటాను.

ఒకటి, ఒక యంత్రంలో పనిచేసినది ఇంకో యంత్రానికి అలాగే రాదు. ఆస్‌డెక్స్ తర్వాత గార్షింగ్‌లోనే కట్టిన ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్‌లో 16 కాయిళ్ళు పెట్టారు. ఎక్కువ సాంద్రత దగ్గర ఎల్మ్‌లు తగ్గడం 2011లోనే చూశారు. కానీ తక్కువ తాకిడుల (కణాలు అరుదుగా ఢీకొనే) ప్లాస్మాలో పూర్తిగా అణగడం చాలాకాలం రాలేదు. చివరికి డీ3-డీతో కలిసి పనిచేసి, ప్లాస్మా ఆకారాన్ని అక్కడిదానికి దగ్గరగా, త్రిభుజాకృతి పెంచి నడిపితే వచ్చింది. అవే కాయిళ్ళు, అదే యంత్రం, ఆకారం మారింది అంతే. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ఫలితాల్లో ఇది ఒకటి.

రెండు, చొచ్చుకుపోవడం మెట్టులా జరుగుతుంది. ద్వీపం తెరవడానికి కావలసిన కరెంట్ కంటే, తెరిచాక దాన్ని తెరిచి ఉంచడానికి కావలసింది తక్కువ. ద్వీపం ఏర్పడ్డాక అక్కడి భ్రమణం మారిపోయి, తెర కట్టే శక్తి తగ్గుతుంది కాబట్టి. ఇది చాలా పనికొచ్చే విషయం. అణగగానే కరెంట్ తగ్గించుకుంటూ వస్తే, పోగొట్టుకున్న అరుగు ఎత్తులో కొంత తిరిగి వస్తుంది. డీ3-డీ, కేస్టార్‌లలో కంప్యూటరే షాట్ నడుస్తుండగా ఎల్మ్‌లని చూసి కరెంట్‌ని పైకి కిందికి సర్దేలా చేసి, 2024లో ఫలితాలు ప్రచురించారు.

వేడిగోడ · బుధవారం, ఉదయం 7:05

ఈ రెండో సంగతి నాకు చాలా ముఖ్యం. సాంద్రత పడిపోతే డైవర్టర్ ముందు చల్లటి గ్యాసు పొర కట్టడం కష్టమవుతుంది. ఎల్మ్‌లు ఆగాయని ఒక చేత్తో సంతోషిస్తే, నిలకడ వేడి పెరిగిందని ఇంకో చేత్తో తల పట్టుకోవాలి. కరెంట్ ఎంత తగ్గిస్తే గోడకి అంత ఊపిరి.

కొత్తరేఖ · శుక్రవారం, రాత్రి 11:48

మూడు రోజులు నిద్ర సరిగ్గా లేదు, కానీ చెప్పాలనిపించి వచ్చాను.

ప్లాస్మా స్పందన ఉన్న కోడ్‌లో అదే సమతుల్యం, అవే కాయిళ్ళు పెట్టి మళ్ళీ నడిపాను. భ్రమణం ప్రొఫైల్ కొలతల నుంచి తీసుకున్నాను. మొదటి బొమ్మలో చుక్కల మయంగా ఉన్న చోట ఇప్పుడు గీతలు కనిపిస్తున్నాయి. 11/3, 12/3 ద్వీపాలు వెంట్రుకంత సన్నబడ్డాయి. పాదం దగ్గర మాత్రం చిందరవందర అలాగే ఉంది, వేడిగోడ గారు అన్నట్టే. లోపల, అరుగు పైభాగంలో 10/3 దగ్గర ఒక్క ద్వీపం ఉంది. చిన్నదే, కానీ ఉంది. ఎలక్ట్రాన్ వేగం సున్నా దాటే చోటు దానికి దాదాపు ఆనుకుని ఉంది.

క్యూ-95ని 3.6 నుంచి 3.75కి మార్చి ఇంకోసారి నడిపాను. ఆ ద్వీపం మూసుకుపోయింది. ఎవరూ చెప్పకుండా నా కోడ్‌లో కిటికీ మూసుకోవడం చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఒక అనుమానం మిగిలింది. భ్రమణం కొలతలో పొరపాటు కొంచెం ఉన్నా సున్నా చోటు సెంటీమీటరు జరిగిపోతుంది. ద్వీపం వెడల్పు కూడా దాదాపు అంతే. అలాంటప్పుడు నా ఫలితాన్ని ఎంత నమ్మాలి?

అంచుమనిషి · శనివారం, ఉదయం 7:30

చాలా సంతోషం. కొలత పొరపాటు హద్దుల్లో భ్రమణాన్ని అటూ ఇటూ జరుపుతూ ఓ ఇరవై సార్లు నడపండి. ఎన్నిసార్లు ద్వీపం నిలబడిందో లెక్క పెట్టండి. పేపర్‌లో ఒక్క బొమ్మ బదులు ఆ లెక్క వేయండి.

సమీకరణం · శనివారం, ఉదయం 8:02

దాంతోపాటు కాయిల్ కరెంట్‌ని పెంచుతూ ఒకసారి, దించుతూ ఒకసారి నడపండి. మీ కోడ్ సరళరేఖీయం అయితే రెండూ ఒకటే వస్తాయి, మెట్టు కనిపించదు. అది చూడాలంటే అరేఖీయ కోడ్ కావాలి. నా దగ్గర సెటప్ ఫైళ్ళు ఉన్నాయి, మీ సమతుల్యం ఫైల్ నాకు మెసేజ్‌లో పంపండి.

కొత్తరేఖ · శనివారం, ఉదయం 8:09

పంపాను సార్.